మూడో కుర్చీకి చేరిన గీత

"ఆ క్షణంలో నీ చేతులెక్కడున్నాయి?"

మూడు రోజులుగా డిటెక్టివ్ ఇదే ప్రశ్న అడుగుతోంది. లాకప్ పక్కనున్న చిన్న గదిలో, బల్లకి అవతల కూర్చున్న టెక్నీషియన్ మూడు రోజులుగా ఒకటే జవాబు చెబుతున్నాడు: గుర్తులేదని. ఈసారి అదీ చెప్పలేదు. తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు.

జరిగింది క్లుప్తంగా ఇదీ. పైలట్లకి తల తిరుగుడు అలవాటు చేసే శిక్షణ కేంద్రం అది. అందులో ఒక పెద్ద గుండ్రటి గది ఉంది. కింద మోటారు, గది మొత్తం గిర్రున తిరుగుతుంది. గోడ వెంట ఎనిమిది కుర్చీలు. వాటిలో బెల్టులు బిగించుకుని కూర్చున్న పైలట్లకి కళ్లకి గంతలు కడతారు. పెద్ద శిక్షకుడు మాత్రం గది మధ్యకి దగ్గరగా, నేల మీద వేసిన పసుపు గుండ్రంలో కమ్మీ పట్టుకుని నిలబడి పాఠం చెబుతాడు. సోమవారం ఉదయం ఆయన అలా నిలబడి పాఠం చెబుతుండగానే కుర్చీల సమతూకానికి వాడే ఇనప దిమ్మ ఒకటి వచ్చి తలకి తగిలింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది.

గదిలో గంతలు లేని మనిషి ఇంకొక్కడే. పైలట్లకి తోడుగా మూడో కుర్చీలో కూర్చున్న ఈ టెక్నీషియన్. పొద్దున్నే శిక్షకుడికీ అతనికీ గొడవైందని అందరూ చెప్పారు. ఎందుకైందో అతను చెప్పలేదు.

డిటెక్టివ్ అక్కడున్న కానిస్టేబుల్‌ని బయటికి పంపి తలుపు దగ్గరికి వేసింది. ఆ పూటే వచ్చిన పోస్ట్‌మార్టం రిపోర్టు సంగతి అతనికి చెప్పింది. దెబ్బ పక్కనించి తగల్లేదు, నడినెత్తి మీద పడింది. బెల్టు భుజాల మీంచి బిగించి ఉంటే మనిషి చెయ్యి చెవి దాటి పైకి లేవదు. కూర్చున్నవాడు విసిరిన దిమ్మ నిలబడ్డవాడి నడినెత్తి మీద ఎలా పడుతుంది?

"నువ్వు చెయ్యలేదని నాకిప్పుడు నమ్మకం కుదురుతోంది. కానీ నా నమ్మకం కోర్టులో చెల్లదు. సాయంత్రం నిన్ను మళ్లీ మేజిస్ట్రేట్ ముందు పెడుతున్నారు. చేతులెక్కడున్నాయో చెప్పు."

"చెప్తే నవ్వుతారు మేడమ్."

"నేను నవ్వి చాలా రోజులైంది."

అతను గోడవైపు తిరిగి చెప్పాడు. "కవరు పట్టుకున్నా. రెండు చేతులతో. వాంతి చేసుకుంటున్నా."

ఆ తర్వాత మాట దానంతటదే వచ్చింది. ఆరేళ్లుగా ఆ గదిలో పనిచేస్తున్నా అతనికి ఆ తిరుగుడు పడదు. ప్రతి రౌండుకి ముందూ మాత్ర మింగుతాడు. వేగం పెరగగానే కళ్లు మూసుకుంటాడు. కవరు చొక్కా లోపల దాచుకుంటాడు. పైలట్లకి గంతలుంటాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు. సోమవారం పొద్దున మాత్ర మింగుతుండగా శిక్షకుడు చూశాడు. ఇలాంటివాణ్ణి పక్కన పెట్టుకుని పైలట్లకి ఏం ధైర్యం చెబుతాం, రేపట్నించి స్టోర్సులో కూర్చోమన్నాడు. అదీ గొడవ. దిమ్మ పడిన చప్పుడు విన్నాడు కానీ కళ్లు తెరవలేదు. పోలీసులొచ్చేలోపు కవరు తీసుకెళ్లి బాత్రూంలో పారేశాడు. ఆ ఒక్క సాక్ష్యమూ అలా పోయింది.

"ఈ మాట మొదటిరోజే చెప్తే ఇక్కడ ఉండేవాడివా?"

"ఊళ్లో అందరికీ నేను పైలట్లకి ట్రైనింగ్ ఇస్తానని చెప్పుకుంటుంది మా అక్క. వాంతుల వీరుణ్ణని ఎలా చెప్పమంటారు?" చొక్కా చేతితో మూతి తుడుచుకున్నాడు. "అక్క సంగతి సరే. బావ ఎలా ఉన్నాడు మేడమ్? నా వల్ల ఆయనకి తలవంపులు."

డిటెక్టివ్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. అతను జైల్లో పడటానికి కారణం, దిమ్మ మూడో కుర్చీ నుంచి వచ్చిందంటూ అదే కేంద్రంలో పనిచేసే ఆ బావ కంప్యూటర్లో వేసిన లెక్కే. ఆ లెక్కని పదిమందిలో మెచ్చుకున్నది తను.

* * *

ఇన్‌స్పెక్టర్ వరండాలోనే కాచుకుని ఉన్నాడు. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడు. ఆమె ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక ఆమె కుర్చీలోకి వచ్చాడు. ఈ కేసులోకి ఆమెని శిక్షణ కేంద్రం వాళ్లు పిలిపించారు. అతనికి ఆ పాత మర్యాద ఇప్పటికీ ఉంది, కొంచెం ఎక్కువే ఉంది.

పోస్ట్‌మార్టం తనూ చదివానన్నాడు. దిమ్మని ఎత్తుగా విసిరితే గాల్లోకి లేచి నెత్తిమీదే పడుతుంది, అందులో వింతేముందన్నాడు. బెల్టు సంగతి ఆమె చెప్పింది. బెల్టు వదులు చేసుకుని ఉంటాడన్నాడు. వదులైతే ఆపరేటర్ బల్ల మీద ఎర్రదీపం వెలుగుతుంది, వెలగలేదని ఆపరేటర్ వాంగ్మూలంలో ఉందని ఆమె గుర్తు చేసింది. కవరు సంగతీ చెప్పింది.

"కవరేది?"

"పారేశాడు."

"బావుంది. లేని కవరు పట్టుకుని వదిలేయమంటారా?" ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించాడు. "మేడమ్ గారూ, నేను వాణ్ణి అసలు అనుమానించలేదు. మెషీను పాడైందేమో, ప్రమాదమని రాసేద్దామన్నాను. ఆ కంప్యూటర్ గీత తెచ్చి నా బల్ల మీద పెట్టిందెవరు? సొంత బావమరిదని కూడా చూడకుండా నిజం చెప్పాడు, ఇలాంటివాళ్లు ఎక్కడుంటారు అని స్టాఫందరి ముందూ అతని చెయ్యి పట్టుకుని ఊపిందెవరు? వీడి అక్క అక్కడే నిలబడి ఉంది. గుర్తుందా?"

గుర్తుంది. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తమ్ముడి చెప్పులు తలుపు దగ్గరే ఉండిపోతే వంగి తీసి, జీపు వెనక పరుగెత్తి, కిటికీలోంచి లోపల పడేసింది.

"నేనే," అంది డిటెక్టివ్. "తప్పు నాది. అందుకే సాయంత్రం దాకా ఆగమంటున్నాను."

"నాలుగింటికి వ్యాన్ బయల్దేరుతుంది. ఈలోపు మీ గీతని మీరే చెరుపుకొస్తే నాకేం అభ్యంతరం లేదు. కానీ ఉత్తమాటలు తేకండి. ఒకసారి మీ మాట నమ్మాను కదా."

ఇన్‌స్పెక్టర్ వెళ్లిపోయాడు. అతని మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. అతను అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు.

* * *

ఆ మధ్యాహ్నం తిరుగుడు గది ఆగి ఉంది. డిటెక్టివ్ ఆపరేటర్‌ని పిలిచి, తను లోపల ఉండగా నెమ్మదిగా తిప్పమంది. ఆపరేటర్ ఆవిడ వద్దని మొత్తుకుంది, తర్వాత తల తిరిగితే నా పూచీ లేదంటూ మీట లాగింది.

మొదట ఏమీ తెలియలేదు. గోడలు, కుర్చీలు, నేల అన్నీ తనతోపాటే తిరుగుతున్నాయి కాబట్టి గది కదలనట్టే ఉంది. ఒక్క కడుపుకి మాత్రం తెలుస్తోంది. వేగం కాస్త పెరిగేసరికి ఆమె మూడో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. నోట్లో నీళ్లూరాయి. ఇదే తిరుగుడు ఆరేళ్లపాటు, రోజూ, ఎవరికీ తెలియనివ్వకుండా.

శిక్షకుడు పాఠంలో వాడే టెన్నిస్ బంతి కమ్మీకి తగిలించిన సంచిలో అలాగే ఉంది. ఆమె దాన్ని తీసి గది మధ్యలోంచి ఎదుటి కుర్చీకి గురిపెట్టి దొర్లించింది. బంతి తిన్నగా బయల్దేరింది. రెండడుగులు పోయాక ఎవరో పక్కనించి నెట్టినట్టు వంకర తిరిగి, అసలు గురికి సంబంధం లేని కుర్చీ కింద ఆగింది. మళ్లీ దొర్లించింది. మళ్లీ అదే. ఈ గదిలో దేన్ని వదిలినా గీత వంకరే.

పై కప్పున ఉన్న కెమెరా వైపు చూసింది. అది కప్పుకే బిగించి ఉంది, గదితోపాటే తిరుగుతుంది. అంటే తను ఇప్పుడు చూసినట్టే చూస్తుంది. దాని చూపు పసుపు గుండ్రం మీదే ఉంటుంది కాబట్టి సోమవారంనాడు దిమ్మ వచ్చిన దారిలో చివరి ముక్కే దానికి చిక్కింది. ఆ ముక్కని వెనక్కి పొడిగించి అది ఎక్కణ్ణుంచి వచ్చిందో కంప్యూటర్లో చూపించాడు బావ. ఆ తెర మీది గీత ఆమెకి బాగా గుర్తుంది. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

గది ఆపించి, నిచ్చెన వేయించింది. గది మధ్య స్తంభం నుంచి నాలుగువైపులా దీపాలు వేలాడే పొట్టి ఇనప చేతులున్నాయి. అవేవీ పసుపు గుండ్రానికి సరిగ్గా పైన లేవు, అన్నీ బాగా పక్కకున్నాయి. అందుకే ఎవరూ తలెత్తి చూడలేదు. మూడు చేతుల మీద వేలు పెడితే మునిగేంత దుమ్ము. నాలుగోదాని మీదా దుమ్ముంది, కానీ ఒకచోట దిమ్మ అడుగుభాగమంత చదరం శుభ్రంగా ఉంది. అక్కణ్ణుంచి చేతి చివరిదాకా అంతే వెడల్పున ఒక జారుడు చార.

ఎవరో దిమ్మని అక్కడ ఊరికే పెట్టారు. గది నెమ్మదిగా తిరిగినంతసేపూ అది కదలదు. వేగం ఒక హద్దు దాటగానే తనే బయటికి జారి పడుతుంది. విసిరే చెయ్యి అక్కర్లేదు. చంపినవాడు ఆ గదిలో ఉండాల్సిన పని కూడా లేదు.

ఆమె టేపు తీసి ఆ చేతి ఎత్తు కొలిచింది. మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్లు. కిందికి దిగాక ఆపరేటర్ ఏం దొరికిందని అడిగితే బూజు అంది. ఎవరికీ ఏమీ చెప్పకుండా మెట్లెక్కి సిమ్యులేషన్ గదికి వెళ్లింది.

* * *

సిమ్యులేషన్ ఇంజినీరు మూడు రోజులుగా గడ్డం గీసుకోలేదు. టెక్నీషియన్ బావ ఇతనే. ఆమెని చూడగానే లేచి నిలబడి, వాడేమైనా తిన్నాడా అని అడిగాడు. తిన్నాడని అబద్ధం చెప్పింది.

ఆ గదిలో బంతి ఎందుకు వంకర పోతుందో పసివాళ్లకి చెప్పినట్టు చెప్పమని అడిగితే అతను ఓపిగ్గా చెప్పాడు. బస్సు మలుపు తిరుగుతుంటే లోపల నిలబడ్డవాణ్ణి ఎవరో పక్కకి తోసినట్టుంటుంది. నిజానికి ఎవరూ తొయ్యలేదు. రోడ్డు మీద నిలబడి చూసేవాడికి ఆ తోపు కనిపించదు. బస్సు తిరిగింది, మనిషి తిన్నగా పోబోయాడు, అంతే. బస్సులో ఉండి లెక్క వేసేవాడు మాత్రం ఆ లేని తోపుని ఉన్నట్టే రాసుకోవాలి, లేకపోతే లెక్క కుదరదు. పుస్తకాల్లో దాన్ని మిథ్యాబలం అంటారు. అతని ప్రోగ్రాంలో దానికొక గడి ఉంది. టిక్ పెడితే ఆ బలాలు లెక్కలోకి వస్తాయి, తీసేస్తే రావు.

"కెమెరా బస్సులో ఉందా, రోడ్డు మీద ఉందా?" అంది డిటెక్టివ్.

అతను మౌస్ మీంచి చెయ్యి తీశాడు.

"బస్సులో," అన్నాడు.

"మరి సోమవారం గీత తిన్నగా వచ్చింది."

అతను తెర దగ్గరికి వంగి చూశాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ గడిలో టిక్ లేదన్నాడు. కంగారులో మర్చిపోయానన్నాడు. ఇరవయ్యేళ్ల అనుభవం ఉండి, మొదటి ఏడాది కుర్రాళ్లు చేసే తప్పు చేసి సొంత బావమరిదిని జైలుకి పంపానని, ఇంక ఇంట్లో మొహం ఎలా చూపించాలో తెలియడం లేదని అన్నాడు. వేళ్ల మధ్యనుంచి కన్నీళ్లు కారాయి. డిటెక్టివ్‌కి జాలేసింది. తను చేసిందీ అదే కదా. తెలియని లెక్కని తెలిసినట్టు తలూపి నమ్మడం.

"ఏడుపు తర్వాత. వ్యాన్ నాలుగింటికి. టిక్ పెట్టి మళ్లీ నడపండి," అంది.

అతను కళ్లు తుడుచుకుని కుర్చీ లాక్కున్నాడు. టిక్ పెట్టాడు. కిందున్న గళ్లలో అంకెలు కొట్టాడు, చకచకా, కీబోర్డు వంక చూడకుండానే. మీట నొక్కాడు. తెర మీద శిక్షకుడి తల దగ్గర మొదలైన ఎర్రగీత ఈసారి మూడో కుర్చీ వైపు పోలేదు. కొడవలిలా వంగి, గది మధ్యకి చుట్టుకుంటూ పైకి లేచి, సరిగ్గా ఆ నాలుగో ఇనప చేతి చివర ఆగింది.

"దేవుడా," అన్నాడతను. "వాడు కాదు. పైనుంచి జారిపడింది. చూశారా మేడమ్, ఎవరూ విసరలేదు. వాడు బయటికొచ్చేస్తాడు."

డిటెక్టివ్ గీతని చూడటం లేదు. గళ్లని చూస్తోంది.

"సోమవారం ఎత్తు దగ్గర ఏం కొట్టారు?"

"గదిలో మిగతావాళ్లంతా కూర్చునే ఉన్నారు కదా, కూర్చున్నవాడి చెయ్యి ఎత్తు. ఒకటీ పాయింట్ ఒకటి."

"ఇప్పుడు?"

అతని వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఎత్తు గడిలో మూడు పాయింట్ ఏడు అని ఉంది.

"నేను టిక్ పెట్టమన్నాను. అంతే అన్నాను," అంది నెమ్మదిగా. "పైనుంచి పడిందని నేను చెప్పలేదు. పోస్ట్‌మార్టం రిపోర్టు మీకెవరూ చూపించలేదు. ఆ ఇనప చెయ్యి ఎత్తు ఇందాకే నేను కొలిచాను, ఆ సంగతి నా టేపుకి తప్ప ఎవరికీ తెలీదు. మీ చేతికెలా తెలిసింది?"

గది డ్రాయింగులు నా దగ్గరున్నాయి కదా అన్నాడు. డ్రాయింగులో చాలా ఎత్తులుంటాయి, నేల నుంచి కప్పుదాకా ఏదైనా కొట్టొచ్చు, ఇదే ఎందుకని ఆమె అడిగింది. తప్పు దొరికినవాడు వాదిస్తాడు. ఇతను తెర ఆపేయడానికి చెయ్యి చాచాడు, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు, బట్టల్లేకుండా దొరికిపోయినవాడిలా ఒళ్లో చేతులు పెట్టుకున్నాడు.

"ఎన్నిసార్లు నడిపారు దీన్ని?"

"లెక్కపెట్టలేదు. గుండ్రం మీద సరిగ్గా పడేదాకా."

నిజం చిన్న చిన్న ముక్కలుగా బయటపడింది. గది ఎంత వేగందాకా తిరిగితే క్షేమమో తేల్చిన లెక్క ఇతనిదే. అందులో పెద్ద తప్పుందని శిక్షకుడు పట్టుకున్నాడు. మంగళవారం బోర్డు సమావేశంలో, అందరి ముందూ, తెర మీద వేసి చూపిస్తానన్నాడు. అంతకుముందే పైలట్ల ఎదుట ఇతన్ని ఎక్కాలు రాని మాస్టారని పిలిచి నవ్వించేవాడు. ఆ నవ్వు ఇంకోసారి వినలేననిపించిందట. ఆదివారం నిచ్చెన వేసుకుని దిమ్మ పెట్టి వచ్చాడు.

"అయితే బావమరిదిని ఎందుకు ఇరికించారు?"

"ఇరికించలేదు." మొదటిసారి అతను తలెత్తాడు. "మీరే నా వెనక నిలబడి నడపమన్నారు. టిక్ తీసేస్తే గీత ఆ ఇనప చేతి దగ్గరికి పోదు, ఎక్కడో గోడకి తగిలి ఆగుతుంది, ఏమీ తేలలేదని చెప్పొచ్చు అనుకున్నా. నిజమైన లెక్క వందసార్లు చూసుకున్నాను. దొంగలెక్క ఒక్కసారి కూడా నడిపి చూళ్లేదు. అందరి ముందూ మొదటిసారి నడిపాను. అది పోయి పోయి వాడి కుర్చీ మీద ఆగింది. నోరు తెరిచి తప్పు అందామనుకున్నా. ఈలోపు మీరు నా చెయ్యి పట్టుకున్నారు."

డిటెక్టివ్‌కి మొహం వేడెక్కింది. ఆ చేతిని పైకెత్తి ఊపింది తనే. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టబోయి, అతని భార్యని చూసి ఆగారు.

బల్ల మీద అతని ఫోన్ మోగింది. భార్య. అతను చూసి ఊరుకున్నాడు. ఆగి మళ్లీ మోగింది. తియ్యమని డిటెక్టివ్ సైగ చేసింది. అతను ఫోన్‌ని చెవి దగ్గరికి తీసుకోలేదు, స్పీకరు పెట్టి బల్ల మీదే ఉంచేశాడు.

"ఏమండీ, స్టేషన్ నుంచి మాట్లాడుతున్నా," అందావిడ. ఏడ్చి ఏడ్చి గొంతు పూడిపోయింది. "వ్యాన్ వెళ్లిపోయింది. ముందే తీసుకెళ్లిపోయారు. వాడు ఒప్పుకుని సంతకం పెట్టేశాడట."

"ఎందుకు?" అడిగింది డిటెక్టివ్.

ఎవరు అడిగారో ఆవిడ పట్టించుకోలేదు. "కళ్లు మూసుకునున్నాను, తల తిరిగిపోయి ఉంది, ఏం చేశానో నాకే తెలీదు అన్నాడట. బావ లెక్క ఎప్పుడూ తప్పదు, ఆయనే నా కుర్చీ చూపించాడంటే నేనే చేసుంటాను అని రాసిచ్చాడు."

అతను బల్ల మీదికి వంగి వెక్కాడు. ఆ చప్పుడు ఆవిడకి వినబడింది.

"మీరు ఏడవకండి," అందావిడ. "వాడు నా తమ్ముడైనా సరే, మీరు నిజమే చెప్పారు. మీరెందుకు సిగ్గుపడాలి?"